మీ ఆరో పన్నులో మీ అమ్మ పాల లెక్క ఉంది | రాకాసి గుళ్ళ కథ

ఒకసారి నాలుకతో మీ కింది పళ్ళు తడిమి చూడండి. మధ్యలో నుంచి పక్కకు లెక్కపెడితే ఆరోది, పెద్ద దవడ పన్ను. అది బయటకు వచ్చేది ఆరేళ్ళప్పుడు. కానీ లోపల తయారీ మొదలయ్యేది మీరు పుట్టినప్పుడే. మూడేళ్ళకల్లా పైభాగం, తొమ్మిది పదేళ్ళకు వేరు పూర్తవుతాయి. ఒకసారి పడ్డ పొర మళ్ళీ మారదు. నా పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం భాషలో చెప్తే అదొక లాగ్ ఫైల్. రాసుకుంటూ పోవుడే, ఎడిట్ ఉండదు.

ఆ లాగ్‌లో ఏముంటది? మీరు ఎన్నాళ్ళు తల్లిపాలు తాగిండ్రో ఉంటది. నైట్రోజన్‌లో తేలికది 14, బరువుది 15. తినే తిండిలో కన్నా తినే ప్రాణి ఒంట్లో ఈ బరువుది కొంచెం ఎక్కువ చేరుతది. పాలు తాగే బిడ్డ తిండి అంతా తల్లి ఒంట్లోంచే కదా! అందుకే తల్లిలో కన్నా బిడ్డలో అది వెయ్యికి రెండు మూడు వంతులు పెరుగుతది. పాలు మాన్పించేకొద్దీ దిగుతది. 1989లో మెరిలిన్ ఫోగెల్ బృందం తల్లీబిడ్డల గోళ్ళు పరీక్షించి దీన్ని చూపించింది.

పాల తర్వాత ఏం పెట్టారు? అది కార్బన్ చెప్తది. జొన్న, సజ్జ, కొర్రల గుర్తు ఒకటి, వరి గుర్తు ఇంకొకటి. అంటే జొన్న జావనా, బియ్యం గంజినా అన్నది కూడా తెలుసుకోవచ్చు.

పుణె దగ్గర ఇనాంగావ్‌లో 1968 నుంచి 1983 దాకా దక్కన్ కాలేజీ వాళ్ళు తవ్వారు. మూడు వేల ఏళ్ళ కిందటి ఊరు. ఇళ్ళ నేల కిందే రెండు కుండలు మూతికి మూతి ఆనించి, లోపల పసిబిడ్డలను పెట్టారు. సమాధుల్లో ఎక్కువ పిల్లలవే. జాన్ లుకాచ్, సుభాష్ వాలింబే ఆ పాలపళ్ళ ఎనామెల్‌లో లోపాలు వెతికారు. జబ్బు చేసినా, తిండి చాలకపోయినా అక్కడ గుర్తు పడిపోతది.

కానీ ఒక చిక్కుంది. పసితనంలోనే పోయిన బిడ్డ మిగతా పిల్లల లెక్కనే తిన్నదా? చెప్పలేం. అందుకే పెద్దయ్యాక చనిపోయిన మనిషి ఆరో పన్ను అంత విలువైనది. బతికి బట్టకట్టిన బిడ్డ కథ అందులోనే దొరుకుతది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఇనుప యుగం నాటి రాతి సమాధులను రాకాసి గుళ్ళు అంటం. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగులో ఉన్న దామరవాయిలో ఇవి వందకు పైనే. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పురావస్తు శాఖ తవ్వితే 40 టన్నుల దాకా ఉన్న మూత రాయి, దాని కింద ఎముకలు బయటపడ్డయి. మన వేడికి, తడికి ఎముకలోని ప్రోటీన్ తొందరగా పాడైతది. పన్ను కొంచెం గట్టిగా నిలబడుతది. అందుకే ఒక్క పన్ను కూడా పోగొట్టుకోవద్దు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు జనగామ దగ్గర మా ఊళ్ళో ఒక చేను చదును చేస్తుంటే కుండ పెంకులు, ఎముక ముక్కలు బయటపడ్డయి. లంకెబిందెలేమో అని అందరం ఉరికినం. బంగారం లేదని తెలిసినంక మట్టిలో తొక్కేసినం. ఆ తొక్కినోళ్ళలో నేనూ ఉన్న.

రాజులు తవ్వించిన చెరువుల లెక్క శాసనాల్లో ఉంది. ఒక తల్లి ఎన్ని నెలలు పాలిచ్చిందో ఏ రాయి మీదా రాయలేదు. అది రాసి ఉన్నది ఆ పళ్ళ మీదనే. మీ ఊరి చివర అలాంటి రాళ్ళు కనిపిస్తే తవ్వకండి, ఫోటో తీసి పురావస్తు శాఖకు చెప్పండి.

ఈ రోజు ఇంట్లో అమ్మను ఒకటి అడగండి: పాల తర్వాత నాకు మొదట ఏం తినిపించినవ్? జవాబు కామెంట్లో పెట్టండి. ఉంటా మరి.