బంట్రోతు నుంచి కార్యదర్శి దాకా: మైకేల్ మార్మట్ పరిశోధనలపై ఒక పరిశీలన

లండన్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యంపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనం ప్రస్తావన వచ్చినచోటల్లా దాని కర్తగా సర్ మైకేల్ మార్మట్ పేరు వినబడుతుంది. ఈ ప్రసిద్ధిని యథాతథంగా అంగీకరించే ముందు తేదీలను సరిచూడవలసి ఉంది.

1. మార్మట్ 1945లో లండన్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, 1968లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందారు. మొదటి వైట్‌హాల్ అధ్యయనం 1967లోనే ఆరంభమైంది. అంటే అప్పటికి ఆయన ఇంకా విద్యార్థి. దానికి శ్రీకారం చుట్టినవారు డొనాల్డ్ రీడ్, జెఫ్రీ రోజ్. కనుక మార్మట్‌ను దాని స్థాపకుడనడం కంటే, అప్పటికే పోగుపడిన సమాచారాన్ని, సామాజిక స్థితి ఆరోగ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తుందన్న కొత్త ప్రశ్నతో చదివిన వ్యక్తి అనడం సమంజసం. మొదటి అధ్యయనం పురుషులకే పరిమితమైంది. ఆ లోటును కొంత తీర్చిన రెండవ వైట్‌హాల్ అధ్యయనం మాత్రం ఆయన సారథ్యంలోనిదే. 1985లో మొదలైన దానిలో 10,308 మంది చేరగా, వారిలో 3,413 మంది స్త్రీలు.

2. ఆ కొత్త ప్రశ్నకు మూలం బర్క్‌లీలో ఉన్నట్టు తోస్తుంది. అక్కడ లెనార్డ్ సైమ్ శిష్యరికంలో మార్మట్ 1975లో డాక్టరేట్ పొందారు. అక్కడ ఆయన పరిశీలించిన జపానీయుల్లో, జపాన్‌లో ఉండిపోయినవారి కంటే హవాయికి వలస వెళ్లినవారిలో, వారికంటే కాలిఫోర్నియాలో స్థిరపడినవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియాలోనే ఉన్నా జపాను సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకొన్నవారిలో మాత్రం ఆ జబ్బు దాదాపు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉందని గురుశిష్యుల 1976 నాటి వ్యాసం చెబుతుంది. ఆహారం, పొగతాగుడు, రక్తపోటు ఈ తేడాను పూర్తిగా వివరించలేకపోయాయి.

3. ఇక అంకెల సంగతి. మొదటి వైట్‌హాల్ అధ్యయనంలో అట్టడుగు ఉద్యోగుల మరణాల రేటు పైస్థాయి వారికంటే ‘మూడు రెట్లు’ అని ఒకచోట, ‘3.6 రెట్లు’ అని మరొకచోట కనిపిస్తుంది. ఇది వైరుధ్యం కాదు. రెండు వేర్వేరు కొలతలు కలిసిపోవడం వల్ల కలిగిన గందరగోళం. మార్మట్ బృందం 1978 వ్యాసంలోని 3.6 రెట్లు ఏడున్నరేళ్లలో గుండెజబ్బు వల్ల సంభవించిన మరణాలకు సంబంధించినది. 1984లో వెలువడిన మూడు రెట్ల లెక్క పదేళ్లలో అన్ని కారణాల మరణాలది. ఏ లెక్క చూసినా బంట్రోతుకూ ఉన్నతాధికారికీ మధ్యనున్న గుమాస్తాలు మధ్యలోనే ఉన్నారు. అసలు విశేషం ఇదే. వీరెవరూ నిరుపేదలు కారు, అందరూ నెలజీతగాళ్లే. పేదరికం ఒక్కటే కారణమైతే అంచెలంచెలుగా ఈ తేడా ఎందుకుండాలి?

4. కారణం దగ్గరికి వచ్చేసరికి ఆధారాలు ఇంత నిలకడగా లేవు. దురలవాట్లు ఈ అంతరంలో కొంత భాగాన్నే వివరిస్తాయని, పనిమీద అదుపు లేకపోవడం ముఖ్యమని మార్మట్ బృందం వాదిస్తూ వచ్చింది. అయితే రెండవ వైట్‌హాల్ సమాచారంపైనే 2010లో వెలువడిన ఒక విశ్లేషణ వేరే దారి చూపింది. అలవాట్లను మొదట్లో ఒక్కసారే నమోదు చేస్తే అంతరంలో 42 శాతం, మళ్లీ మళ్లీ నమోదు చేస్తే 72 శాతం వాటితో వివరించవచ్చని తేలింది. అంతటితో వాదం ముగిసిందనీ అనలేం. 2011లో ఇదే పద్ధతిని ఫ్రెంచి ఉద్యోగుల సమూహానికి వర్తింపజేస్తే వచ్చినది 19 శాతమే. కాబట్టి 72 శాతం బ్రిటన్ పరిస్థితికి చెందినదే తప్ప సార్వత్రిక సూత్రం కాకపోవచ్చు.

5. మరో అభ్యంతరం ఇంకా లోతైనది. బాల్యపు ఆరోగ్యమే ఉద్యోగ స్థాయినీ, తర్వాతి పదోన్నతులనూ ప్రభావితం చేస్తుందని అర్థశాస్త్రవేత్తలు ఆన్ కేస్, క్రిస్టీనా పాక్సన్ 2011లో వాదించారు. అంటే తక్కువ ఉద్యోగం అనారోగ్యాన్ని తేవడమే కాదు, చిన్ననాటి అనారోగ్యమే తక్కువ ఉద్యోగానికి దారితీసి ఉండవచ్చు. దీనికి ఒక సూచన మార్మట్ 1978 వ్యాసంలోనే ఉండటం గమనార్హం: కింది స్థాయి ఉద్యోగులు పొట్టివారని అందులో నమోదైంది. మనిషి ఎత్తు ఉద్యోగంలో చేరేనాటికే దాదాపు ఖాయమై ఉంటుంది. దానికి పై అధికారిని తప్పుపట్టలేం.

ఈ సందేహాలు విధాన నిర్ణేతలను ఆపలేదు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక నిర్ణాయకాల కమిషన్‌కు మార్మట్ అధ్యక్షత వహించారు. సభ్యుల్లో అమర్త్యసేన్ ఒకరు. తర్వాత ఇంగ్లండ్ ప్రభుత్వం కోసం ఆయన 2010లో సమర్పించిన నివేదిక, అత్యంత పేద ప్రాంతాలవారు సంపన్న ప్రాంతాలవారి కంటే సగటున 7 ఏళ్లు ముందే మరణిస్తున్నారని లెక్కగట్టింది. ఆ నివేదిక సిఫార్సుల్లో మొదటి స్థానం ఆఫీసుకు దక్కలేదు. ప్రతి బిడ్డకూ జీవితంలో మంచి ఆరంభం కల్పించడానికి దక్కింది.