గుడగుడమన్న సింకు - గాలి గొట్టం చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు కాకతీయుల గురించో, రాయలవారి గురించో రాద్దామనుకున్నాను. సరిగ్గా ఆ వారమే మా వంటింటి సింకు పేచీ పెట్టింది. దాని రోగం కుదర్చబోతే నాకు తెలియని చరిత్ర ఒకటి బయటపడింది. దానినే మీకు మనవి చేస్తున్నాను.

గిన్నెలు కడిగిన నీళ్లు దిగిపోయే చివరి క్షణంలో గుడగుడమని పెద్ద చప్పుడు. కాసేపటికి మురుగు వాసన. "మన సింకు హుక్కా తాగుతోందండీ" అనేది మా ఆవిడ. ప్లంబరు రెండుసార్లు వచ్చి కింది వంపు గొట్టం విప్పి కడిగాడు. చెత్తేమీ లేదు. చప్పుడూ పోలేదు. మూడోసారి వచ్చిన పెద్ద మేస్త్రీ సింకు ముట్టుకోకుండా తిన్నగా మేడ మీదికి వెళ్లాడు. దిగివచ్చి, "సార్, మీ లైనుకు ఊపిరాడటం లేదు" అన్నాడు. డాబాకు కొత్తగా గచ్చు చేయించినప్పుడు గాలి గొట్టం మూతిని ఎవరో సిమెంటుతో పూడ్చేశారు. దానికి తోడు వంటిల్లు బాగు చేయించినప్పుడు మేము సింకును అవతలి గోడకు మార్చాం. గొట్టం పొడవు పెరిగింది గాని దానికి గాలి దారి ఎవరూ పెట్టలేదు.

మా ఆవిడ వేళాకోళానికన్నా, అందులో ఉన్నది అచ్చమైన నిజం. సింకు కింద వంపు గొట్టంలో రెండు మూడు అంగుళాల లోతున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. ఆ గొట్టాన్ని ట్రాప్ అంటారు. మురుగు కాలవకూ మన వంటింటికీ మధ్య తలుపు ఆ కాసిని నీళ్లే. సింకు నిండా నీళ్లు ఒక్కసారి దిగినప్పుడు గొట్టం నిండుగా పారి, వెనక గాలిని లాగుతుంది. గాలికి వేరే దారి లేకపోతే ట్రాపులోని నీళ్లను చీల్చుకుంటూ సింకు వైపునుంచే వస్తుంది. హుక్కాలో జరిగేదీ ఇదే. గుడగుడ అంటే మన తలుపు విరుగుతున్న చప్పుడన్న మాట. ఆ నీళ్లు కూడా కాలవలోకి జారిపోతే ఇక వాసనకు అడ్డే లేదు.

మన పాత ఇళ్లలో ఈ బాధ లేదు. వంటింటి తూములోంచి నీళ్లు పెరట్లో అరటి పాదుకు పోయేవి. తూము రెండో కొస ఆరుబయట ఉండేది గనుక ట్రాపూ అక్కరలేదు, గాలి గొట్టమూ అక్కరలేదు. ఇంటి గొట్టాన్ని భూమిలోని మురుగు కాలవకు కలిపిన నాటినుంచే ఈ చిక్కంతా మొదలయింది. మన హైదరాబాదు సంగతే తీసుకోండి. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నివారణతో పాటు నగరానికి డ్రైనేజి పథకం కూడా రూపొందించారు.

ట్రాపు కథ అంతకన్నా పాతది. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టాన్ని ఇంగ్లీషు యస్ అక్షరంలా వంచి నీళ్లు నిలిపాడు. ఉపాయం గొప్పదే గాని, ఆ వంపుకు గాలి దారి లేదు. నీళ్లు జోరుగా పోతే నిలవనీళ్లూ వాటితోపాటే పోయేవి.

1858 వేసవిలో థేమ్సు నది కంపుకు పార్లమెంటు సభ్యులు కూడా కూర్చోలేకపోయారు. ఆ తర్వాత జోసెఫ్ బజల్‌జెట్ అనే ఇంజనీరు లండనుకు మహా మురుగు కాలవలు కట్టాడు. 1871లో యువరాజు (తరువాత ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి) స్కార్‌బరోలో ఒక ఇంట విడిది చేసి వచ్చాక టైఫాయిడ్‌తో చావుదాకా వెళ్లి బతికాడు. అదే విడిదిలో ఉన్న ఒక ప్రభువూ, యువరాజు గుర్రాలను చూసే మనిషీ చనిపోయారు. కాలవ గాలే జబ్బు తెచ్చిందని దేశమంతా హడలిపోయింది. నిజానికి టైఫాయిడ్ వచ్చేది కలుషితమైన నీళ్లవల్ల, తిండివల్ల. కారణం తప్పే గాని ఆ భయం ఒక మేలు చేసింది. ఇళ్లలో ట్రాపులను, గొట్టాలను శ్రద్ధగా పరీక్షించడం మొదలయింది.

1870 ప్రాంతాల అమెరికాలో ట్రాపు వెనక గాలి గొట్టం అమర్చి మేడపైకి తీసుకుపోవడం వాడుకలోకి వచ్చింది. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుడగుడమని ఆగి ఆగి పడుతుంది. ఎదురుమూల రెండో చిల్లు పెడితే ధారగా దిగుతుంది. మన అమ్మలకు తెలిసిన ఈ కిటుకు మురుగు గొట్టానికి ఎక్కడానికి కమ్మింగ్ నాటినుంచి దాదాపు నూరేళ్లు పట్టింది!

ఆ తర్వాత ప్రతి ట్రాపుకూ గొట్టాలు పెట్టి గోడలు నింపేశారు. ఎంత గాలి చాలునో లెక్క కట్టే పని 1920 దశకంలో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో రాయ్ హంటర్ చేపట్టాడు. 1970 దశకంలో స్వీడనులో గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే చిన్న వాల్వు వచ్చింది. గొట్టం పైకి తీసుకుపోవడానికి వీలులేని చోట అది పనికివస్తుంది. అయితే లోపలి గాలిని అది బయటికి పోనివ్వదు కనుక, పెద్ద గొట్టం మూతి మేడమీద తెరిచి ఉండవలసిందే.

ఇదంతా కేవలం వాసన గొడవ అనుకోకండి. 2003లో హాంకాంగులో అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో మూడు వందల మందికి పైగా సార్స్ వ్యాధి సోకింది. స్నానాల గదుల్లో నేల తూముల ట్రాపులు ఎండిపోయి ఉన్నాయనీ, గాలిని బయటికి లాగే ఫ్యాన్లు తిరిగినప్పుడు గొట్టంలోని తుంపరలు గదుల్లోకి వచ్చాయనీ విచారణలో తేల్చారు. నేలను నీళ్లతో కడగడం మాని తడిగుడ్డతో తుడవడంవల్లనే అవి ఎండిపోయాయట. మన ఫ్లాట్లలో ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా!

మా ఇంటి సంగతికి వస్తాను. మాది పై అంతస్తు. మేస్త్రీ సిమెంటు పగలగొట్టి, గొట్టం మూతికి జాలీ ఉన్న కొత్త టోపీ పెట్టాడు. సింకు ట్రాపు దాటిన వెంటనే గొట్టానికి ఒక టీ వేసి, అందులోంచి ఒకటిన్నర అంగుళాల గొట్టాన్ని బయటి గోడవెంట మేడపైన తలెత్తు దాకా లేపాడు. ఒక పూట పని. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలాం. చడీచప్పుడూ లేకుండా దిగిపోయాయి. మా ఆవిడ, "హుక్కా మానేసింది" అంది.

మిత్రులకు నా మనవి ఒక్కటే. సింకు గుడగుడమంటే ముందు చెత్త అడ్డుందేమో చూడండి. లేకపోతే యాసిడ్లు పోయకండి, మేడమీది గొట్టం మూతి చూపించండి. డాబా పని చేయించేటప్పుడు దగ్గరుండి దాన్ని కాపాడండి. పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వెళ్లేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. తాళం చెవి ఇచ్చిన పక్కింటివారితో, నెలకు రెండుసార్లు ప్రతి తూములో ఒక చెంబెడు నీళ్లు పోయమని చెప్పండి. వీధి తలుపుకు తాళం వేసినంత జాగ్రత్తగా ఈ నీటి తలుపునూ వేసి వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి మన ఇల్లు మన ఇల్లులాగే ఉంటుంది.