సున్నం బట్టీలో పుట్టిన నీలం

నానిన సున్నం తొట్టిలో నీలిమందు మూట ముంచి నాలుగు సార్లు తిప్పడం కోదాడ, మిర్యాలగూడ వైపు ఇళ్లలో పాత అలవాటు. దసరాకో సంక్రాంతికో, ఇంట్లో పెళ్లి కుదిరితేనో గోడలకు సున్నం, కింద మూరెడు ఎత్తున జాజు పట్టీ, గడపకు పసుపు. పెయింటు డబ్బాలు అంగళ్లలోకి రాకముందు అనంతగిరి లాంటి ఊళ్లలో ఇల్లు కొత్తగా కనిపించాలంటే ఉన్న దారి అదే. ఎవరినీ పిలవనక్కర్లేదు, ఇంటిల్లిపాదీ కలిసి ఒక రోజులో ముగించుకునే పని. ఆ మూటలోని నీలం పడకపోతే ఎంత మంచి సున్నమైనా ఆరాక కాస్త పచ్చగా కనిపిస్తుంది. పడితే గోడ మెరుస్తుంది.

ఇంత చవకైన పొడి ఒకప్పుడు బంగారంతో తూగేది. అది మన తొట్టిలోకి ఎలా వచ్చిందో తెలిశాక నాకు వెల్లవేసిన గోడ మీద గౌరవం పెరిగింది. పైగా ఆ కథలో సున్నం బట్టీ ఒకటి ఉంది.

ముందు సున్నం సంగతి. కోదాడ నుంచి కృష్ణ వైపు వెళ్తే హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి. నేలంతా సున్నపురాయి. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నది అందుకే. నదికి అవతల పల్నాడులోనూ అదే రాయి. అమరావతి శిల్పులు చెక్కిందీ ఆ రాయినే. ఆ రాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి, వంద కిలోల రాయికి 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుసమని ఉడుకుతుంది. గోడకు పూశాక గాలిలోంచి ఆ బొగ్గుపులుసునే తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. అంటే వెల్లవేసిన గోడ మీద ఉండేది పలచటి రాతి పొర. కాలిస్తే రాయి బరువు ఎందుకు తగ్గుతుందో ఎడింబరోలో జోసెఫ్ బ్లాక్ తూచి చూసి తేల్చి, 1756లో ప్రచురించాడు. సున్నం కొట్టేవాళ్లు అంతకు రెండు వేల ఏళ్ల ముందునుంచే ఆ పని చేస్తున్నారు.

ఆ పాత సున్నం పనికి సూర్యాపేట జిల్లాలోనే సాక్ష్యం ఉంది. నాగారం మండలం ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2019లో నిలువెత్తు బోధిసత్వుడి బొమ్మ బయటపడింది. లోపల ఇటుక, పైన సున్నపు గార. వేళ్లతో, చిన్న పనిముట్లతో ఆ గారను దుస్తుల మడతల్లా తీర్చిన పనితనం చూస్తే, ఈ నేల వాళ్లకు సున్నం ఎంత లొంగిందో తెలుస్తుంది.

ఈ సున్నం కథలోనే బాధ కలిగించే భాగం కూడా ఉంది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు స్తూపం దిబ్బను తవ్వారు. సర్వేయరు కర్నల్ మెకంజీ వెళ్లి చూసి బొమ్మలు గీయించేలోపే ఎన్నో పలకలు చెదిరిపోయాయి. చెక్కిన రాళ్లను బట్టీల్లో వేసి సున్నం కోసం కాల్చేశారు. బుద్ధుడి కథలు చెక్కిన ఆ రాళ్లు ఎవరెవరి గోడల మీద తెలుపుగా మారాయో! పనికొచ్చే రాయి దగ్గర్లోనే గుట్టలకొద్దీ ఉండగా అలా జరిగిందంటే మనసు ఒప్పుకోదు.

ఇక నీలం. పాతకాలంలో మంచి నీలం రంగు ఒక్కచోట నుంచే వచ్చేది. ఇప్పటి అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండల్లో సర్-ఇ-సంగ్ గనుల నుంచి లాజవర్దు రాయి తీసేవారు. దాన్ని నూరి, మైనం, నూనె, బంకలు కలిపిన ముద్దలో పిసికి, నీళ్లలో కడిగితే నీలం పొడి కొద్దికొద్దిగా కిందికి దిగేది. యూరప్‌లో చిత్రకారులు దాన్ని మేరీమాత దుస్తులకు దాచుకునేవారు. బొమ్మ చేయించుకునేవాళ్లు ఆ రంగు ఎంత వాడాలో ఒప్పంద పత్రంలోనే రాయించుకునేవారు. సున్నంలో కలిపి ఇంటి గోడకు పూయాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చేది కాదు.

1787లో జర్మన్ కవి గోథె ఇటలీ యాత్రలో సిసిలీ వెళ్లాడు. పాలెర్మో దగ్గర సున్నం బట్టీల గోడల మీద గాజులా గట్టిపడిన నీలం పెచ్చులు చూశాడు. అక్కడివాళ్లు వాటిని ఊడదీసి లాజవర్దుకు బదులుగా అలంకరణల్లో పొదుగుతున్నారు. రాళ్ల మీద ఆసక్తి ఉన్నవాడు కాబట్టి సంగతి రాసిపెట్టుకున్నాడు గానీ, ఆ నీలం ఎక్కడిదన్నది ఆయన తేల్చలేదు. 1814లో ఫ్రాన్స్‌లో తసేర్ అనే రసాయనికుడు సెయింట్ గోబెన్ గాజు కర్మాగారంలో సోడా కొలిమిని విప్పుతుంటే అలాంటి నీలమే కనిపించింది. వోక్లాఁ అనే మరో రసాయనికుడు దాన్ని పరీక్షించి లాజవర్దు రంగుకూ దీనికీ పోలిక ఉందన్నాడు. అంతకు ముందే, 1806లో, క్లెమాఁ, దెసోర్మ్ అనే రసాయనికులు లాజవర్దులో ఏమేం ఉన్నాయో విడదీసి చూశారు. బంకమన్నులో ఉండే సరుకే, సోడా, గంధకం. అరుదైన వస్తువు ఒక్కటీ లేదు.

ఈ మలుపు నాకు ఎంతో ఇష్టం. ఆ నీలానికి అంత ధర పలికిందంటే అందులోని సరుకు వల్ల కాదు, ఆ సరుకు కుదురుకున్న తీరు వల్ల. బట్టీ గోడ మీద తనంతట తానే తయారైనదాన్ని మనిషి కావాలని తయారు చేయలేడా?

1824లో పారిస్‌లో పరిశ్రమలను ప్రోత్సహించే సంఘం ఒకటి పోటీ ప్రకటించింది. కిలో 300 ఫ్రాంకులకు మించకుండా నీలం తయారు చేసినవాళ్లకు 6000 ఫ్రాంకుల బహుమతి. అప్పటికి అసలు రాయి రంగు కిలో మూడు నుంచి అయిదు వేల ఫ్రాంకులు ఉండేది. తుపాకి మందు, సూరేకారం శాఖలో పనిచేస్తున్న జాఁ బాప్తిస్త్ గిమే 1826లో ఆ పని సాధించాడు. ఆయన భార్య చిత్రకారిణి, కాబట్టి ఆ రంగు ఖరీదేమిటో ఇంట్లోనే తెలిసిన సంగతి. 1828లో బహుమతి ఆయనకే వచ్చింది. పద్ధతిని మాత్రం రహస్యంగా ఉంచుకున్నాడు. అదే ఏడు జర్మనీలో ట్యూబింగెన్ ఆచార్యుడు గ్మెలిన్ తన పద్ధతిని దాచకుండా అచ్చువేయించాడు. దాంతో నీలం కర్మాగారాలు పెరిగాయి, ధర పడిపోయింది.

తయారీ ఇలా ఉంటుంది. తెల్లటి చీనామట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి, మూతపెట్టిన మూసల్లో 800 డిగ్రీల వరకు కాల్చి, రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. కాల్చగానే వచ్చేది ఆకుపచ్చటి ముద్ద. చల్లారుతూ గాలి తగిలే దశలో అది నీలమవుతుంది. తర్వాత కడిగి, మెత్తగా నూరి, జల్లించాలి. గంధకం పరమాణువులు మూడేసి చొప్పున మట్టి పంజరంలో చిక్కుకుపోవడం వల్లే ఆ రంగు. అవి పసుపు, నారింజ వెలుగును పీల్చుకుంటాయి. సున్నంలోని ఇనుము జాడ వల్ల గోడకు వచ్చే పసుపు ఛాయ దానితో సరిపోతుంది. నిజానికి గోడ తిప్పి పంపే వెలుగు కొద్దిగా తగ్గుతుంది, అయినా కంటికి మాత్రం తెలుపు హెచ్చినట్టే ఉంటుంది. బట్టలకు నీలం పెట్టడంలో జరిగేదీ ఇదే. ఇంగ్లండులో హల్ పట్టణపు రెకిట్ కంపెనీ దీన్ని చిన్న పొట్లాలుగా బట్టల కోసం అమ్మింది. మన దుకాణాల్లో రాబిన్ బ్లూ పేరుతో దొరికింది కూడా ఆ కంపెనీదే. బట్టలకని తెచ్చిన పొట్లంలోంచి చిటికెడు సున్నం తొట్టిలో వేసిన చెయ్యి ఎవరిదో ఏ పుస్తకంలోనూ ఉండదు. నా లెక్కలో ఆమె కూడా ఆవిష్కర్తే.

ఏ నీలం వేసినా కుదురుతుందా అంటే, కుదరదు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం ఎంతో అందమైనదే గానీ, సున్నం ఘాటుకు తట్టుకోలేక గోధుమ రంగుకు తిరుగుతుంది. గిమే నీలానికి సున్నం అంటే భయం లేదు. నిమ్మరసం, చింతపండు పులుసు లాంటివి మాత్రం పడవు, పులుపు తగిలితే రంగు పోతుంది. బట్టీలో పుట్టినదానికి సున్నంతో సరిపడటం సహజమే అనిపిస్తుంది.

గిమే సంపాదన కొడుకు ఎమీల్ చేతికొచ్చింది. ఆయన ఆసియా దేశాలు తిరిగి కళాఖండాలు సేకరించి, 1889లో పారిస్‌లో గిమే మ్యూజియం తెరిచాడు. అమరావతి శిల్పాలు కొన్ని నేడు అక్కడే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున బట్టీ పాలు కాకుండా మిగిలిన రాళ్లలో కొన్ని చివరికి నీలం డబ్బుతో కట్టిన ఇంటికి చేరాయి. ఫణిగిరి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లినప్పుడు మనవాళ్లు గర్వపడ్డారు, న్యాయమే. వాటి పక్కన సున్నపు గార పనిని కూడా అంత శ్రద్ధగా చూడాల్సిన రోజు రావాలి.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. డిస్టెంపర్ వచ్చింది, ప్లాస్టిక్ పెయింటు వచ్చింది. 1940లో టొరంటోలో నార్మన్ బ్రేకీ రోలర్ తయారు చేశాడు. 1942లో బొంబాయిలో మొదలైన ఏషియన్ పెయింట్స్ తర్వాత మన పటాన్‌చెరులోనూ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ కంపెనీ కోసం ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు అనే పిల్లాడి బొమ్మ, చేతిలో డబ్బాతో గోడగోడకూ ఎక్కాడు. రంగుల ఎంపిక పెరిగింది, సున్నం పశువుల కొట్టానికీ చెట్ల మొదళ్లకూ దిగిపోయింది. ఇప్పుడు పట్టణాల్లో అదే సున్నపు పూతను ఖరీదైన అలంకరణగా మళ్లీ వేయించుకుంటున్నారు. సున్నపురాయి మీదే కాపురముంటున్న మనం ఒక గదికైనా మన చేతులతో వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ. తేమను బిగబట్టదు కాబట్టి పాత మట్టిగోడకూ సున్నపు గోడకూ పెయింటు కంటే ఇదే మేలు.

ఎలాగంటే: ప్లాస్టిక్ పెయింటు ఉన్న గోడకు సున్నం పట్టదు, ముందు గీకేయాలి. పొడి సున్నాన్ని ఇనుప డ్రమ్ములోనో సిమెంటు తొట్టిలోనో నానబెట్టాలి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. పలచటి ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి నిలవదు. నీళ్లలోకి సున్నాన్ని కొంచెం కొంచెంగా వెయ్యాలి, ఆ సమయంలో పిల్లలు దగ్గరకు రాకూడదు, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే చూపుకే ప్రమాదం. ఇళ్లల్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడం చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. ఒక రోజంతా నానాక, ప్రభుత్వ నిర్మాణ నిబంధనల లెక్క ప్రకారం కిలో సున్నానికి అయిదు లీటర్ల నీళ్ల చొప్పున పలచన చేసి, గుడ్డలో వడకట్టాలి. తుమ్మ జిగురో చిక్కటి గంజో కలిపితే, ఆరిన గోడకు రాసుకున్నా చేతికి అంటదు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పక్కన ఉంటూ గంజికి వెతుక్కోనక్కర్లేదు కదా! నీలం కిలో సున్నానికి మూడు గ్రాములు మించకూడదు. దాన్ని గుడ్డలో మూటకట్టి విడిగా నీళ్లలో కలిపి పోస్తే ఉండలు కట్టదు.

గోడను ముందు తడపాలి. పొడి గోడ నీళ్లన్నీ పీల్చేస్తే సున్నం రాయిగా మారేలోపే పొడిపొడిగా రాలిపోతుంది. మొదటి పూత వేసినప్పుడు ఏమీ కనిపించదు, గోడ తడిసినట్టు ఉంటుంది. చాలామంది అక్కడే కంగారుపడి చిక్కగా పూసేస్తారు. ఆరేదాకా ఆగాలి, తెలుపు అప్పుడే పైకి వస్తుంది. కొత్త గోడకు మూడు పలచటి పూతలు కావాలి. ఒకటి పై నుంచి కిందకు, తర్వాతది అడ్డంగా వేస్తే కుంచె గీతలు కనిపించవు. గది మొత్తానికి కావలసిన సున్నంలో నీలం ఒక్కసారే కలపాలి, రెండో విడత కలిపితే ఛాయ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి గంజీ నీలమూ కలిపే ముందే, ఆ గదికి అక్కర్లేనంత సున్నాన్ని వేరే కుండలోకి తీసి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలబెట్టి మూత వేసుకుంటే వచ్చే పండుగ దాకా చెడదు.