చెట్టు, మట్టి, పేరు

చాందా (నేటి చంద్రపూర్) కారాగారంలో 1858 అక్టోబరు 21న గోండు వీరుడు బాబూరావ్ షెడ్మాకేను ఆంగ్లేయులు ఉరితీశారు. అక్కడి రావిచెట్టు ఆ స్మృతిని నిలిపింది. నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, అనుచరులను ఉరితీశారని చెప్పే మర్రి 1995లో కూలింది; ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్న పేరు మిగిలింది.

చెట్టు పోతే సాక్ష్యం పోతుందా? పోలండులోని సోబిబోర్ మారణశిబిరాన్ని 1943లో ఖైదీల తిరుగుబాటు తరువాత నాజీలు నేలమట్టం చేసి, ఆనవాళ్లు దొరకకుండా చెట్లు నాటారు. అయినా 2014లో పురావస్తు పరిశోధకులు విషవాయు గదుల పునాదులు వెలికితీశారు. తరువాత దొరికిన ఒక పతకంపైని తేదీని, ఊరిని పాత జాబితాలతో పోల్చి, అది కరోలిన్ కోన్ అనే యూదు బాలికదని గుర్తించారు.

అటువంటి జాబితాలు కొరవడిన మన ప్రాంతంలో స్థలనామాలు, పెద్దల మాటలే ఆధారాలు. తెలుగు, గోండీ, మరాఠీలలో వాటిని ఇప్పుడే నమోదు చేయవలసిన బాధ్యత మన విద్యార్థులదని మా అభిప్రాయం.