ఫలమును తూచు త్రాసు

ఒక పని ధర్మమా, అధర్మమా అను విషయమును దాని ఫలమునుబట్టియే నిర్ణయింపవచ్చునా? ఇంగ్లండునందు జెరిమీ బెంథాము అను పండితుడు 1789లో ప్రకటించిన గ్రంథమున, సుఖమును పెంచి దుఃఖమును తగ్గించు పనియే మంచిపని యని వాదించెను. ఆ లెక్కలో దొరయు ఒకడే, కూలియు ఒకడే. ఈ మతమును విపులీకరించిన జాన్ స్టూవర్టు మిల్లు 1823 మొదలు 1858 వఱకు లండనులోని ఈస్టిండియా కంపెనీ కచ్చేరిలో ఉద్యోగి. కావున ఈ తర్కము మన దేశపుఁ బాలనకు దూరమైనది కాదు.

దీనిని పరీక్షించుటకు రెండు కరవులను మీ ముందుంచెదను.

1874లో బీహారునందు క్షామము వచ్చెను. సర్ రిచర్డు టెంపిలు అను అధికారి నిర్వహణమున, బర్మానుండి తెప్పించిన 4 లక్షల టన్నులకుఁ బైగా బియ్యముతో సహాయము జరిగెను. ఆఁకలిచావులు మిక్కిలి తక్కువ. అయినను ఆయనకు దక్కినది మెప్పు కాదు. సొమ్ము దుబారాచేసెనను నింద.

మూఁడేండ్లు గడచెను. మనవారు ధాతకరవని చెప్పుకొను మహాక్షామము దక్షిణదేశమును గ్రమ్మెను. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయెను. 1877లో ప్రభుత్వము ఆ టెంపిలునే మద్రాసునకుఁ బంపెను. ఈసారి ఆయన పొదుపును పాటించెను. దినమంతయు రాళ్లుగొట్టు మగవానికి ఒక పౌను ధాన్యము, కొంచెము చిల్లర. ఒక పౌననఁగా వీశెలో ఇంచుమించు మూఁడవవంతు. అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఎదిరించెను. ఆ యేఁటనే కూలిని కొంత పెంచవలసివచ్చెను. దేశమంతట ఆ క్షామమున 50 లక్షలకు మించి జనులు గతించిరని అంచనా.

రెండుమాఱులును అధికారులు ఫలమునే చూచిరి. కాని వారు చూచినది ఖజానాలో కనఁబడు ఫలము. బీహారులో బ్రదికినవారు చిట్టాలో ఖర్చుగాఁ గనఁబడిరి. మద్రాసులో చచ్చినవారు ఆదాలో దాఁగిపోయిరి. ఖర్చైన రూపాయికి లెక్క వ్రాయుట సులభము. చావకుండ నిలిచిన ప్రాణమునకు పద్దు లేదు. కూలియు ఒకడేయను బెంథాము నియమమును పాటించియున్నచో త్రాసు మఱొకవైపు మొగ్గెడిది. పిమ్మట 1880లో కరవు కమీషను నివేదికయు, 1883లో కరవు నియమావళియు వెలువడెను. అప్పటికి పల్లెలు పాడుపడియుండెను.

కావున ఫలమును చూచి తీర్పుచెప్పుట తప్పని నేననను. ఆ ఫలము నెవరు అనుభవింతురో, వారిని లెక్కలోఁ జేర్చితిమా యనునదే ప్రశ్న. ఊరిచెఱువు నీరు పంచునపుడు, పోరంబోకు నేల నొకరికిఁ గట్టఁబెట్టునపుడు, మీరును ఫలమునే తూచెదరు. అపుడు రచ్చబండకు రానివాని యాఁకలిని కూడ త్రాసులో వేయుఁడు. వానిని విడిచి చేసిన లెక్క, అంకెలు సరిపడినను, ధర్మము కానేరదు.