నల్ల బల్ల కోసం వచ్చే దొర

1787 సెప్టెంబరు. కలకత్తా గెజెట్ పత్రికలో ఒక ప్రకటన వెలువడింది. వారెన్ హేస్టింగ్స్ దొరగారి పాత నల్లచెక్క సొరుగుల బల్ల ఒకటి కనబడటం లేదు. అందులో రెండు చిన్న చిత్తరువులు, కొన్ని సొంత కాగితాలు ఉన్నాయి. దొరగారు బెంగాల్ విడిచి వెళ్ళిన రోజుల్లో ఎస్ప్లనేడ్‌లోని ఇంటి నుంచి ఎవరైనా దొంగిలించి ఉండాలి, లేదా సామాన్ల వేలంలో తెలియక అమ్మేసి ఉండాలి. లోపలి వస్తువులు చేతికందేలా ఆచూకీ చెప్పినవారికి రెండు వేల సిక్కా రూపాయల బహుమానం. ఆయన స్నేహితులు లార్కిన్స్, థాంప్సన్ ఆ సొమ్ము చెల్లిస్తారు.

అప్పటికి హేస్టింగ్స్ ఇంగ్లండు చేరి రెండేళ్ళు దాటింది. తొలి గవర్నర్ జనరల్‌గా 1774 నుంచి ఏలినవాడు 1785 ఫిబ్రవరిలో బెరింగ్టన్ ఓడెక్కి వెళ్ళిపోయాడు. ప్రాణంలా చూసుకున్న భార్య మేరియన్ అంతకు ఏడాది ముందే ప్రయాణమైంది. ఓడలో ఆయన తన పాలనను సమర్థించుకుంటూ పెద్ద వ్యాసమే రాసుకున్నాడు. తీరా ఇంగ్లండులో దిగి చూసుకుంటే బల్ల లేదు. కలకత్తాకు ఉత్తరం మీద ఉత్తరం. ఒక్కో ఉత్తరం చేరడానికే నెలలు పట్టే కాలం. జవాబు వచ్చేది, బల్ల వచ్చేది కాదు.

1818 ఆగస్టు 22న డేల్స్‌ఫర్డ్‌లోని తన ఎస్టేటులో, ఎనభై అయిదేళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. కలకత్తా జనం మాత్రం ఆయన్ని వదల్లేదు. చీకటి పడ్డాక అలీపూర్‌లోని ఆయన తోట బంగళా దారిలో గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తుందని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. నాలుగు గుర్రాలు పూన్చిన బగ్గీ వచ్చి పోర్టికో కింద ఆగుతుంది. దొర దిగుతాడు, మెట్లెక్కుతాడు, గది గదికీ తిరిగి వెతుకుతాడు. ఆ బల్ల కోసమే.

ఆ బంగళా నేటికీ ఉంది. కోల్‌కతాలో జడ్జెస్ కోర్టు రోడ్డు మీద, హేస్టింగ్స్ హౌస్ అన్న పేరుతోనే ఉంది. మహిళలకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే సంస్థ అక్కడ నడుస్తోంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు నాకు తోడుగా మా పెద్దమ్మ కూతురు వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, బెంగాలీ ఆమెకు రెండో తల్లిభాష. గేటు దగ్గర కాపలా మనిషితో మాట్లాడి వచ్చింది.

"బంగళా లోపలికి వద్దట. తోటంతా తిరిగి చూసుకోమంటున్నాడు."

"గుర్రబ్బగ్గీ సంగతి అడుగక్కా."

అడిగింది. ఆయన చాలాసేపు చెప్పాడు. "బగ్గీ సంగతి పాతదేనట. ఇంకోటుందిరా. ఇక్కడ ఫుట్‌బాల్ ఆడుతూ ఛాతీకి దెబ్బ తగిలి ఓ పిల్లాడు పోయాడని చెప్పుకుంటారట. వాడూ కనబడతాడంటారట."

లోపలికి నడిచాం. పాత చెట్ల నీడలో దారి సాగుతుంది. బంగళా తెల్లగా, చతురస్రంగా, పెద్దగా శిల్పపు హంగు లేకుండా నిలబడి ఉంటుంది. పక్క భాగాలు తర్వాతి కాలంలో చేర్చినవి. ఒక సామ్రాజ్యానికి పునాది వేసినవాడి ఇల్లంటే ఇంకేదో ఊహించుకుని వస్తాం. కానీ ఇది ఆయన దర్బారు కాదు, విడిది. ఊరి గొడవలు దులుపుకుని చెట్లు పెంచుకోవడానికి వచ్చేచోటు. టిబెట్ వైపు తన మనుషులను పంపినప్పుడు అక్కడి విత్తనాలు, శాలువల ఉన్నినిచ్చే మేకలు తెమ్మని మరీ చెప్పాడు. శామ్యూల్ టర్నర్ ఆ కొండల నుంచి తెచ్చిన జడల బర్రెల్లో ఒకటి ఇంగ్లండు దాకా బతికి చేరింది. జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు దాని బొమ్మ కూడా గీశాడు. హేస్టింగ్స్ పర్షియన్, ఉర్దూ తెలిసినవాడు, భగవద్గీత ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసినవాడు. ఆ చెట్ల కింద నిలబడితే అతని మీద ఇష్టం కలగడం తేలిక. ఆ ఇష్టాన్ని నేను నమ్మను.

ఈ ఆవరణకు కూతవేటు దూరంలో 1780 ఆగస్టు 17 తెల్లవారుజామున జరిగినది చూడండి. హేస్టింగ్స్ కౌన్సిల్లో ఫిలిప్ ఫ్రాన్సిస్ ఆయనకు ఆరేళ్ళుగా కంట్లో నలుసు. ఫ్రాన్సిస్‌కు నిజాయితీ, మర్యాద రెండూ లేవని హేస్టింగ్స్ అధికారిక పత్రంలోనే రాశాడు. ఫ్రాన్సిస్ ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. హేస్టింగ్స్ పక్షాన కర్నల్ పియర్స్, ఫ్రాన్సిస్ పక్షాన కర్నల్ వాట్సన్. పద్నాలుగు అంగల ఎడం కొలిచి ఇద్దరినీ నిలబెట్టారు. ఫ్రాన్సిస్ పిస్తోలు పేలలేదు, మందు చెమ్మగిల్లింది. మళ్ళీ మందు దట్టించి ఇచ్చేదాకా హేస్టింగ్స్ ఆగాడు. తర్వాత రెండు గుళ్ళూ దాదాపు ఒకేసారి పేలాయి. ఫ్రాన్సిస్ కూలిపోయాడు. గుండు కుడి పక్కన దిగింది. అతన్ని దగ్గర్లోని బెల్వెడేర్ భవనానికి మోసుకెళ్ళారు. ఇప్పుడు ఆ బెల్వెడేర్ జాతీయ గ్రంథాలయపు ఆస్తి. దాని మీదా దెయ్యాల కథలున్నాయి. ద్వంద్వయుద్ధం జరిగిన దారికి డ్యూయల్ అవెన్యూ అనే పేరు మిగిలింది. ఫ్రాన్సిస్ బతికి ఇంగ్లండు వెళ్ళాడు, పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్‌కు కావలసిన సమాచారమంతా అందించాడు. హేస్టింగ్స్ మీద పార్లమెంటు విచారణ 1788 ఫిబ్రవరిలో మొదలై ఏడేళ్ళు సాగింది. కాశీరాజు చేత్‌సింగ్, అవధ్ బేగముల సొమ్ము, లంచాలు, అన్నీ అందులో చర్చకొచ్చాయి. 1795 ఏప్రిల్ 23న నిర్దోషిగా బయటపడ్డాడు.

తోటలో తిరుగుతున్నంతసేపూ నన్ను తొలిచిన విషయం ఒకటుంది. ప్రకటన ప్రకారం బల్ల పోయింది ఎస్ప్లనేడ్ ఇంట్లో, ఊరి నడిబొడ్డున. అయినా దొర ఈ అలీపూర్ తోటకే వస్తాడు. కథకు పొడవాటి దారి కావాలి, చెట్ల చీకటి కావాలి, బగ్గీ ఆగడానికి పోర్టికో కావాలి. అవన్నీ ఇక్కడున్నాయి. అంతకుమించి, కథకు మనం జాలిపడే మనిషి కావాలి. పోగొట్టుకున్నదాని కోసం రెండు వందల ఏళ్ళుగా వెతికే ముసలాయన అలాంటివాడే. ఆ జాలి దగ్గరే నా అభ్యంతరం.

1770లో బెంగాల్‌ను కరువు మింగింది. అప్పుడు హేస్టింగ్స్ మద్రాసు కౌన్సిల్లో ఉన్నాడు. మన కోస్తాలో నేతగాళ్ళ గుడ్డలు కొని ఓడలకెక్కించిన ఈస్టిండియా కంపెనీ కొలువులోనే. 1772లో బెంగాల్ గవర్నరుగా వచ్చాడు. ఆ ఏడాది నవంబరు 3న లండన్ డైరెక్టర్లకు కౌన్సిల్ రాసిన లేఖలో రెండు సంగతులు ఒకే చోట కనిపిస్తాయి. ఆ ప్రాంతపు జనంలో కనీసం మూడో వంతు పోయారు. అయినా 1771 శిస్తు వసూలు కరువుకు ముందటి 1768 నాటి వసూలును మించింది. బలవంతాన వసూలు చేయబట్టే అది సాధ్యమైందని కూడా ఆ లేఖ దాచలేదు. మూడో వంతు జనం! వాళ్ళలో ఒక్కరైనా ఈ తోటలోకి వచ్చి తమ గింజలు వెతుక్కున్నట్టు ఎవరూ కథ చెప్పుకోలేదు.

మహారాజా నందకుమార్ సంగతీ అంతే. 1775 మార్చిలో ఆయన హేస్టింగ్స్ లంచాలు తీసుకున్నాడని కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టాడు. మే నెలలో, ఎప్పటిదో పాత పత్రం ఒకటి దొంగపత్రమన్న నేరంపై ఆయన్నే పట్టుకున్నారు. తీర్పు చెప్పినది ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే, వెస్ట్‌మినిస్టర్ బడిలో హేస్టింగ్స్‌తో కలిసి చదువుకున్నవాడు. దొంగపత్రానికి మరణశిక్ష ఇంగ్లండు చట్టం. ఈ దేశంలో ఆ ఆచారమే లేదు. ఆగస్టు 5న డెబ్భై ఏళ్ళ బ్రాహ్మణుణ్ణి జనసమూహం ఎదుట ఉరితీశారు. హేస్టింగ్స్ ప్రమేయం ఎంతన్నదానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఫిర్యాదు చేసినవాడు చచ్చాడు, ఫిర్యాదు పడినవాడు మరో పదేళ్ళు ఏలాడు. ఇందులో మాత్రం వాదనకు తావు లేదు.

1901లో వైస్రాయ్ కర్జన్ ప్రభువు ఈ బంగళాను ప్రభుత్వం చేత కొనిపించి, స్వదేశీ సంస్థానాధీశులు దిగే అతిథిగృహంగా మార్చాడు. దొర పేరు శాశ్వతంగా నిలవాలని శ్రద్ధ తీసుకున్నాడు. రాజధాని ఢిల్లీకి మారాక ఇల్లు చేతులు మారి, చివరకు చదువుకునే ఆడవాళ్ళ పాలబడింది. అది మాత్రం నాకు సంతోషం.

బయటికొస్తుంటే అక్క అడిగింది. "నందకుమార్‌ని ఎక్కడ ఉరితీశార్రా? దగ్గరేనా?"

దగ్గరే. ఖిదిర్‌పూర్ వంతెన వైపు, కూలీబజార్ అనే పేటలో. ఆ పేటకు తర్వాత పేరు మార్చారు. ఇప్పుడు బస్సులో టిక్కెట్టు అడగాలంటే 'హేస్టింగ్స్' అని అడగాలి.