చదువునకు రెండు జల్లెడలు

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి చేలలో ప్రత్తిని, మిరపను నమ్ముకొని బ్రదుకు రైతుయింట బి.ఎస్సి. ముగించిన పిల్లవాడు పైచదువునకు పోదలచినప్పుడు వాని యెదుట రెండు జల్లెడలు నిలుచుచుండెను: ఒకటి మార్కులది, రెండవది వ్యయభారమునది. మొదటిదాని లెక్క విశ్వవిద్యాలయముల దస్తరములలో దొరకును. రెండవదాని లెక్క రైతుల పద్దుపుస్తకములలో తప్ప మరెచ్చటను దొరకదు.

1926లో బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరునకు తరలి, కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్‌ల యేలుబడిలో కీర్తి గడించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రవేశము లభించుటయే ఘనతగా మనవారు భావించిరి. ఆ భావన అసత్యమును కాదు. కాని గుంటూరునకు సుమారు 380 కిలోమీటర్ల దూరమున నున్న ఆ సాగరతీరమున బిడ్డనుంచి చదివించుటకు జీతము కట్టిన చాలదు. వసతియు, భోజనశాల బిల్లును, రైలుచార్జీయు కావలెను. ప్రవేశములు తొలకరినాళ్ల జరుగును. ప్రత్తి విత్తనమునకు, ఎరువునకు, మిరపనారునకు పెట్టుబడి కావలసినదియు ఆ దినములలోనే. కాయ పండి, కోతకువచ్చి, కల్లములో ఎండి, తాలు ఏరబడి, టిక్కీలకెక్కి గుంటూరు యార్డున రూపాయగా మారుట మాఘఫాల్గుణములు వచ్చినగాని కాదు. కావున సీటు వచ్చినవాడును కమీషనుకొట్టు అప్పునకు వెరచి ఆగిపోవు సందర్భము కలుగుచుండెను.

1967లో గుంటూరున నెలకొన్న స్నాతకోత్తర కేంద్రము పెరిగి, 1976లో నంబూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయమైనప్పుడు మారినది ఈ రెండవ జల్లెడయే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి నూటికి 85 సీట్లు స్థానికులకు చెందవలసియుండగా, గుంటూరు విద్యార్థి వాల్తేరుననైనను, నంబూరుననైనను స్థానికుడే. చట్టము రెంటిని ఒక్క ప్రాంతముగనే యెంచినది. భేదమెల్ల దారిఖర్చులోనే కలిగినది. ఉదయము చద్ది తిని బస్సెక్కి, సాయంకాలమునకు చేను చేరగల దూరమున ఎం.ఎ., ఎం.ఎస్సి. తరగతులు నడచుటచేత, దూరదేశమునకు పంపజాలని యింటి ఆడుబిడ్డకును ఉన్నతవిద్య అందుబాటులోనికి వచ్చినది.

2021 నుండి రాష్ట్రమంతట స్నాతకోత్తర ప్రవేశములకు ఒకే పరీక్ష జరుగుటవలన మార్కుల జల్లెడ అందరికిని ఒక్కటైనది. వ్యయపు జల్లెడ మాత్రము ఇంటింటికి వేరుగనే యున్నది. ఎందరిని కాదన్నదో లెక్కించి విద్యాపీఠమునకు గొప్పతన మాపాదించువారు, డబ్బులేమి ఎందరిని గుమ్మము వరకైనను రానీయలేదో కూడ లెక్కింపవలెను. వసతిగృహపు బాకీని పంట అమ్ముడుపోవు మాసములలో చెల్లింపనిచ్చినచో, ఒక్క సీటునైనను పెంచకయే ఈ మెట్టసీమ బిడ్డలకు వాల్తేరును దగ్గర చేయవచ్చును.